పాతాళ భేదులు, గ్రాప్నెల్‌లు, చిన్న పడవ లంగర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న పడవ కొనేటప్పుడు ఇంజన్ గురించి పది మందిని అడుగుతారు, లంగరు మాత్రం దుకాణంలో ఏది కనపడితే అది తెచ్చేసుకుంటారు. ఇంజన్ ఆగిపోయి, గాలి పడవని రాళ్ల వైపు తోస్తున్నప్పుడు ఆపేది ఆ లంగరే. అందుకే ఈ విషయంలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, తెలిసినంత వరకు సూటిగా జవాబులు రాస్తున్నాను.

పాతాళ భేదికీ లంగరుకీ తేడా ఏంటి? రెండూ కొక్కేలే కదా?

చూడ్డానికి దగ్గరగానే ఉంటాయి, పని చేసే పద్ధతి మాత్రం వేరు. పాతాళ భేది అంటే ఒక కాడ, దాని చివర మూడు నుంచి ఐదు దాకా వంపు తిరిగిన కొక్కేలు. బావిలో పడిన బకెట్‌ని వెతికి పైకి తీసేది అదే. అదే రూపాన్ని పడవ ఆపడానికి వాడితే గ్రాప్నెల్ లంగరు అంటారు. ఇది పని చేయాలంటే అడుగున ఏదో ఒకటి దొరకాలి: రాయి, మొద్దు, గట్టి నాచు దుబ్బు. ఏదీ దొరక్కపోతే నేల మీద గీతలు గీసుకుంటూ వచ్చేస్తుంది.

మిగతా లంగర్లు అలా కాదు. వాటికి వెడల్పాటి రెక్కలో, నాగలి కర్రులాంటి మొనో ఉంటుంది. లాగే కొద్దీ అవి ఇసుకలోకో బురదలోకో ఇంకా ఇంకా దిగబడతాయి. గ్రాప్నెల్ తగులుకునేది, మిగతావి పాతుకునేవి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే కింద ఉన్న జవాబుల్లో సగం మీరే చెప్పేయగలరు.

లంగరు ఎంత బరువుంటే అంత మంచిదా?

బరువు కొంత వరకే సాయం చేస్తుంది. పడవని ఆపేది ప్రధానంగా లంగరు నేలని పట్టుకున్న పట్టు, దాన్ని లాగుతున్న కోణం.

సిమెంటు నింపిన డబ్బానో పెద్ద బండరాయినో తాడుకి కట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడండి. నీళ్లలో ముంచిన ప్రతి వస్తువూ తాను తొలగించిన నీటి బరువంత తేలికైపోతుంది. ఇనుము నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు సాంద్రమైనది కాబట్టి సుమారు ఎనిమిదో వంతు బరువే పోగొట్టుకుంటుంది. కాంక్రీటు సాంద్రత నీటికి 2.4 రెట్లు దగ్గర ఉంటుంది, అంటే నలభై శాతం పైనే పోతుంది. ఒడ్డు మీద మీ నడుము విరగ్గొట్టిన 10 కిలోల దిమ్మ నీటి అడుగున 6 కిలోలు కూడా తూగదు. పైగా దానికి పట్టుకోవడానికి మొన లేదు, రెక్క లేదు. కదలని చెరువులో గాలి లేని రోజు సరిపోతుందేమో కానీ, గాలి వచ్చిందంటే మీతో పాటే ప్రయాణం చేస్తుంది.

గాలి గురించి ఇంకో మాట. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద పడే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. పొద్దున చక్కగా నిలబెట్టిన లంగరు మధ్యాహ్నానికి ఎందుకు వదిలేసిందో చాలా మందికి అర్థం కానిది ఇక్కడే.

ఎలాంటి నేలకి ఏ లంగరు?

ముందు అడుగున ఏముందో తెలుసుకోండి. సముద్రపు చార్టుల్లో (నావికుల పటాల్లో) నేల రకం రాసి ఉంటుంది. చార్టు లేకపోతే సీసపు గుండు అడుగున కొంచెం గ్రీజో సబ్బో రాసి దారంతో కిందికి దించితే ఇసుకో బురదో దానికి అంటుకుని పైకి వస్తుంది. పాత పద్ధతే, ఇప్పటికీ పని చేస్తుంది.

ఇసుక, మెత్తటి బురద అయితే రెండు చదును రెక్కలుండే డాన్‌ఫోర్త్ రకం తన బరువుతో పోలిస్తే అద్భుతంగా పట్టుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల్ని తీరంలో దించే పడవలకి ఇది బాగా పనికొచ్చింది. ఒడ్డుకి వెళ్తూ వెనక నుంచి లంగరు జారవిడిచి, మనుషుల్ని దింపాక దాని తాడు లాగుకుంటూ ఒడ్డు నుంచి బయటపడేవారు. తేలికగా, చదునుగా ఉంటుంది కాబట్టి పడవలో సర్దుకోవడం సులువు. దీని లోపం రాళ్లు, దట్టమైన నాచు. నాచు మీద జారిపోతుంది. ఒక్కోసారి రెక్కలకీ కాడకీ మధ్య రాయి ఇరుక్కుని ఇక దిగబడనే దిగబడదు. నీటి ప్రవాహం దిశ మారినప్పుడు కూడా ఊడిపోయే అవకాశం ఉంది, రాత్రంతా దీని మీద నిలబడేటప్పుడు అది మనసులో పెట్టుకోండి.

నాగలి రకం లంగర్లలో బాగా పేరున్నది సీక్యూఆర్. 1933లో దీన్ని రూపొందించింది జెఫ్రీ టేలర్ అనే భౌతిక శాస్త్రవేత్త, ద్రవాల కదలిక మీద పెద్ద పని చేసిన మనిషి. పడవ తిరిగినా ఇది నేలలోనే ఉండి దిశ మార్చుకుంటుంది. 1970లలో వచ్చిన బ్రూస్ రకం పంజా ఆకారంలో ఉంటుంది, రాళ్లూ ఇసుకా కలిసిన చోట నమ్మకంగా ఉంటుంది. ఈ మధ్య వచ్చిన రోక్నా లాంటివి పదునైన మొనతో, పైన గుండ్రటి కమ్మీతో ఉంటాయి. ఎలా పడినా ఆ కమ్మీ దాన్ని సరైన వైపుకి దొర్లిస్తుంది. ఒకే ఒక్క లంగరు పెట్టుకోగల పడవ అయితే నేను ఈ కొత్త రకాల్లో ఒకటే ఎంచుకుంటాను.

రాళ్లు, మునిగిన చెట్ల మొద్దులు ఉంటే గ్రాప్నెల్. దాని రాజ్యం అదే.

పుట్టగొడుగు ఆకారం లంగరు మెత్తటి ఒండ్రులో శాశ్వతంగా పడవ కట్టేయడానికి మంచిది, ఎందుకంటే నెలల తరబడి కూరుకుపోతూ పీల్చి పట్టుకుంటుంది. రోజూ వేసి తీసే పనికి దాని చిన్న సైజులు ప్రశాంతమైన నీళ్లలో చేపలు పట్టేవాళ్లకి తప్ప ఎవరికీ సిఫార్సు చేయను.

మడత పెట్టే గ్రాప్నెల్ ఒకటి ఉంది. అది సరిపోతుందా?

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ), గాలి నింపే పడవ, చిన్న డింగీ, పగటి పూట కాసేపు ఆగడం: సరిపోతుంది. కొక్కేలు ముడుచుకుంటాయి కాబట్టి రబ్బరు పడవకి చిల్లు పడదు, సంచిలో పెట్టుకోవచ్చు. కయాక్‌లకి 0.7 నుంచి 1.5 కిలోల దాకా, అంతకంటే కొంచెం పెద్ద పడవలకి 2.5, 3.2 కిలోలు వాడుతుంటారు.

రాత్రి పడుకోవడానికి మాత్రం దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. కొక్కేలు సన్నగా ఉంటాయి కాబట్టి ఇసుకలో పట్టు చాలా తక్కువ. పడవ గుండ్రంగా తిరిగినప్పుడు పైకి నిక్కి ఉన్న కొక్కేనికి తాడు చుట్టుకుని లంగరుని తలకిందులుగా పీకేస్తుంది కూడా. ఇంకో చిన్న విషయం, కొక్కేల్ని విప్పి ఉంచే ఆ జారుడు రింగు పూర్తిగా కిందికి దిగి బిగుసుకుందా లేదా అని వేసే ముందు ప్రతిసారీ చేత్తో చూసుకోండి. సగం బిగిసిన రింగు నీళ్లలో జారితే కొక్కేలు ముడుచుకుపోయి ఇనుప కడ్డీ ఒక్కటే మిగులుతుంది.

తాడు ఎంత పొడవు వదలాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

లంగరుని తాడు పక్కకి లాగాలి, పైకి కాదు. పక్కకి లాగితే దిగబడుతుంది, పైకి లాగితే ఊడుతుంది. కాబట్టి లోతుకి ఎన్నో రెట్లు తాడు కావాలి. లోతు అంటే నీటి లోతు ఒక్కటే కాదు, దానికి నీటి మట్టం నుంచి పడవ ముందు కొసలో తాడు కట్టిన చోటి దాకా ఉన్న ఎత్తు కలపాలి, పోటు వచ్చి పెరగబోయే నీటిని కూడా కలపాలి.

ఉదాహరణకి నీరు 4 మీటర్లు, ముందు కొస ఎత్తు 1 మీటరు, పోటుకి ఇంకో 1 మీటరు పెరుగుతుంది అనుకుందాం. మొత్తం 6. మామూలు వాతావరణంలో ఏడు రెట్లు, అంటే 42 మీటర్ల తాడు. మీరు మెలకువగా ఉండి, గాలి లేకుండా, భోజనానికి ఆగినంత సేపే అయితే మూడు నుంచి ఐదు రెట్లతో సరిపెట్టుకోవచ్చు. గాలి ముదురుతుంటే పది రెట్లు.

కోణాల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. తాడు తిన్నగా బిగుసుకున్నప్పుడు మూడు రెట్లకి అది నేలతో దాదాపు 20 డిగ్రీలు చేస్తుంది, ఐదు రెట్లకి పదకొండున్నర, ఏడు రెట్లకి 8 మాత్రమే. అందుకే మూడు నుంచి ఏడుకి వెళ్తే పట్టులో అంత మార్పు. లంగరు జారుతుంటే పెద్ద లంగరు కొనే ముందు తాడు ఇంకో పదిహేను మీటర్లు వదిలి చూడండి, చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

పక్కన వేరే పడవలుంటే అంత తాడు మీద మీ పడవ ఎంత మేర తిరుగుతుందో కూడా చూసుకోవాలి.

గొలుసు తప్పనిసరా?

కయాక్‌కి ఒకటి రెండు మీటర్లున్నా మేలే. మోటారు పడవకి, రాత్రి నిలిచే పడవకి తప్పనిసరి అనే అంటాను. కనీసం పడవ పొడవంత గొలుసు పెట్టండి. గొలుసు తన బరువుతో నేల మీద పడుకుని లాగుడుని పక్కకే ఉంచుతుంది, అలల కుదుపుని కొంత మింగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా రాళ్లకి ఒరుసుకున్నా తెగదు. ఉత్త తాడు రాతి అంచు మీద రాత్రంతా ఆడితే పొద్దుటికి పీచు పీచవుతుంది.

తాడు ఏ రకం కొనాలి?

నైలాన్. సాగుతుంది కాబట్టి కుదుపుని తట్టుకుంటుంది. తడిసినప్పుడు దాని బలం పది పదిహేను శాతం తగ్గుతుంది, కొంచెం లావుది తీసుకుంటే సరి. పాలీప్రొపిలీన్ తాడు చవకగా దొరుకుతుంది కానీ నీటి మీద తేలుతుంది, ఎవరిదో ఒకరి ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది, ఎండకి త్వరగా పెళుసెక్కుతుంది. లంగరుకి అది వద్దు. కయాక్‌కి 6 నుంచి 8 మిల్లీమీటర్లు, చిన్న మోటారు పడవకి 10 నుంచి 12. పది మిల్లీమీటర్ల కంటే సన్నటి తాడు బరువు మీద చేత్తో లాగడం కష్టం, అరచేతులు కోసుకుపోతాయి.

ఏ ముడి?

లంగరు రింగుకి లంగరు ముడి, అంటే రింగు చుట్టూ రెండు చుట్లు తిప్పి మొదటి ఉచ్చు కొసని ఆ చుట్ల కిందుగా దూర్చేది. బౌలైన్ (బిగుసుకుపోని ఉచ్చు ముడి) కూడా ఫర్వాలేదు. గొలుసుకి కలిపేది షాకిల్‌తో (పిన్నుతో మూసే U ఆకారపు ఇనుప కడియం), దాని పిన్ను ఊడకుండా సన్న తీగతో కట్టేయాలి. ఈ తీగ కట్టే పని మర్చిపోవడం వల్ల అడుగున మిగిలిపోయిన లంగర్లు లెక్కలేనన్ని.

తాడు రెండో కొస పడవకి కట్టి ఉందా? ముందు అది చూడండి, లంగరు తర్వాత వేద్దురు గానీ.

లంగరు వేసే పద్ధతి ఏంటి?

గాలి లేదా ప్రవాహం ఎటు నుంచి వస్తోందో అటు ముక్కు తిప్పి, అనుకున్న చోటు కంటే ముందుకి వెళ్లి పడవని పూర్తిగా ఆపండి. లంగరుని విసరకండి, చేత్తో దించండి. విసిరితే గొలుసంతా దాని మీదే కుప్పపడి చిక్కుకుంటుంది. అడుగు తగిలాక పడవని వెనక్కి కొట్టుకుపోనివ్వండి, దానికి తగ్గట్టు తాడు వదులుతూ పోండి. మూడో వంతు వదిలాక ఒకసారి మెల్లగా బిగించి పట్టుకుంటే లంగరు మొన దిగడం మొదలవుతుంది. మొత్తం వదిలాక క్లీట్‌కి (తాడు కట్టడానికి పడవకి బిగించిన కొమ్ముల కడ్డీ) కట్టేసి ఇంజన్‌ని నెమ్మదిగా రివర్స్‌లో పెట్టి లాగి చూడండి. వదులుతున్న తాడు చుట్టలో కాలు పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

పట్టిందో జారుతోందో ఎలా తెలుస్తుంది?

ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉన్న రెండు గుర్తులు చూసుకోండి, చెట్టూ దాని వెనక స్తంభం లాంటివి. వాటి వరుస ఒకే దిక్కుగా తప్పిపోతూ ఉంటే పడవ జారుతోంది, అటూ ఇటూ ఊగి మళ్లీ కలుస్తుంటే పడవ తన తాడు మీద తిరుగుతోందంతే. తాడు మీద చెయ్యి వేసినా తెలుస్తుంది. జారుతున్న లంగరు తాడులోంచి గరగరమని అదురు వస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ అలారం పెట్టుకోవడం మంచిదే, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

వెనక వైపు నుంచి లంగరు కట్టొచ్చా? ఇంజన్ దగ్గర కూర్చుంటాం కదా, సులువుగా ఉంటుంది.

వద్దు. చిన్న పడవ వెనక భాగం (అమరం) తక్కువ ఎత్తులో, చదునుగా ఉంటుంది, దాని మీద ఇంజన్ బరువు, మనుషుల బరువు. అలలు అటు నుంచి వస్తుంటే లంగరు దాన్ని కిందికి పట్టి లాగుతుంది, రెండు మూడు అలలకే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. ప్రవాహంలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఇలా ఎన్నో జరిగాయి. లంగరు కట్టేది ముందు కొస (అణియం) నుంచే. వెనక ఇంకోటి వేసుకోవడం ఎప్పుడంటే, ముందు లంగరు గట్టిగా పట్టాక, నీరు ప్రశాంతంగా ఉండి పడవ అటూ ఇటూ తిరగకుండా ఉండాలనుకుంటే.

కయాక్ మీద ఎలా?

కయాక్ పక్క నుంచి తాడు లాగితే బోల్తా పడుతుంది. అందుకని పక్కగా కప్పీల మీద నడిచే ఒక తాడు వలయం అమర్చుకుంటారు. లంగరు తాడుని దాని రింగులోంచి తీసి, కూర్చున్న చోటి నుంచే కొసకి జరుపుతారు. ఒక్క లాగుడుకి విడిపోయే క్లీటూ, చేతికందేలా కత్తీ ఉండాలి. తాడు చివర చిన్న తేలుడు బుంగ కట్టుకుంటే అత్యవసరంగా వదిలేసి తర్వాత వచ్చి తీసుకోవచ్చు. వేగంగా పారే నదిలో కయాక్‌కి లంగరు అసలు వేయకండి.

లంగరు ఇరుక్కుపోయింది. ఏం చేయాలి?

ముందు పడవని సరిగ్గా లంగరు మీదికి తెచ్చి తాడు నిట్టనిలువుగా చేయండి. క్లీట్‌కి బిగించి ఆగితే అల పడవని పైకెత్తినప్పుడు చాలావరకు అదే ఊడుతుంది. రాకపోతే తాడు కొంచెం వదిలి, లంగరు వేసిన దిశకి ఎదురు వైపు వెళ్లి లాగండి. ఏ దారిన దూరిందో ఆ దారినే బయటికి రావాలి.

రాళ్లలో వేసేవాళ్లు ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఒక పద్ధతి, లంగరు కింది కొసకి, అంటే కొక్కేలు కలిసే చోటికి వేరే సన్న తాడు కట్టి పైన తేలే బుంగకి కట్టడం. ఇరుక్కుంటే ఆ తాడుతో వెనక నుంచి లాగుతారు. ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చినది: గొలుసుని పై రింగుకి కాకుండా కింది కొసకే షాకిల్‌తో కలిపి, కాడ వెంట పైకి తెచ్చి, పై రింగుకి ప్లాస్టిక్ టైతోనో సన్న పురికొసతోనో కడతారు. మామూలుగా అది పై నుంచే లాగుతుంది. ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే టై తెగి లాగుడు కింది కొసకి మారుతుంది, లంగరు వెనక్కి జారి వచ్చేస్తుంది. రాత్రి నిలవడానికి మాత్రం ఈ ఏర్పాటు వద్దు, పెద్ద కుదుపుకి టై దానంతటదే తెగొచ్చు.

ఏదీ పని చేయకపోతే తాడు కోసేయండి. ఇంజన్ బలంతో వెనక నుంచి లాగి పడవని ముంచుకోవడం కంటే లంగరు పోవడం చాలా చిన్న నష్టం.

నీళ్లలో పడిపోయిన వస్తువు తీయడానికి ఏ కొక్కెం?

బకెట్, వల, సైకిల్, తాడు చుట్ట లాంటి వాటికి పాతాళ భేదిని మించింది లేదు. నిలువుగా దించి, అడుగు తగిలాక కొంచెం పైకి ఎత్తి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ వెతకాలి. తొందరపడి లాగితే బురద లేచి, వస్తువు ఇంకా లోపలికి పోతుంది. చెరువులో అయితే ఒడ్డుకి సమాంతరంగా వరుసలు వరుసలుగా లాగండి, వదిలిన జాగా ఉండకూడదు. తాళాలు, పనిముట్లు అయితే నియోడిమియం అయస్కాంతం (చాలా బలమైన రకం) మేలు. ఇత్తడి, అల్యూమినియం, బంగారం దానికి అంటవు, ఆ సంగతి ముందే తెలుసుకుని దిగండి.

మనిషి మునిగిపోతుంటే కొక్కెం విసరకూడదు. తేలే వస్తువూ తాడూ విసరాలి.

సినిమాల్లోలా కొక్కెం విసిరి గోడ ఎక్కొచ్చా?

ఎక్కకండి. పైన అది దేనికి తగులుకుందో కింద ఉన్న మనిషికి కనపడదు. కింద నుంచి లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది, సగం ఎక్కాక బరువు పక్కకి మారగానే జారుతుంది. మార్కెట్లో దొరికే చాలా కొక్కేలు మనిషి బరువు మొయ్యడానికి పరీక్షించినవి కావు.

సైన్యాలు ఎక్కాయి, నిజమే. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో పాయింట్ డు హాక్ దగ్గర అమెరికన్ సైన్యపు రేంజర్ దళం వాళ్లు సుమారు 30 మీటర్ల కొండచరియ మీదికి రాకెట్లతో కొక్కేలు ప్రయోగించి తాళ్లు, నిచ్చెనలు పట్టుకుని ఎక్కారు. సముద్రపు నీటికి తడిసి బరువెక్కిన తాళ్ల వల్ల చాలా కొక్కేలు పైదాకా చేరనే లేదు. అంత శిక్షణ, అంత తయారీ ఉన్న చోటే అలా అయింది.

మరి విసరడం ఎలా? పక్క ఒడ్డు మీది కొమ్మనో పడవనో అందుకోవాలి.

చేతులకి తోలు గ్లౌజులు వేసుకోండి. తాడుని విడి చుట్టలుగా ఎడమ చేతిలో పట్టుకుని, కొక్కేన్ని ఒక మీటరు వేలాడదీసి లోలకంలా ఊపి కింది నుంచి పైకి వదలండి. తల చుట్టూ తిప్పి విసరడం చూడ్డానికి బాగుంటుంది, ఎటు పోతుందో మాత్రం మీ చేతిలో ఉండదు. తాడుని మణికట్టుకి చుట్టుకోవద్దు. తగులుకున్నాక లాగేటప్పుడు తాడు వరుసలో నిలబడకుండా పక్కకి జరగండి, ఎందుకంటే సాగిన నైలాన్ వదిలితే ఆ ఇనుము నేరుగా మీ ముఖం మీదికి వస్తుంది.

పాత యుద్ధాల్లో ఓడల్ని నిజంగా కొక్కేలతో పట్టుకునేవారా?

పట్టుకునేవారు. క్రీ.పూ. 413లో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరపు రేవులో ఏథెన్స్ వాళ్లు ఇనుప కొక్కేలు సిద్ధం చేసుకుంటే, సిరక్యూస్ వాళ్లు అవి పట్టు దొరక్క జారిపోవాలని తమ ఓడల ముందు భాగాలకి తోళ్లు కప్పారు. క్రీ.పూ. 36లో నౌలోకస్ యుద్ధంలో రోమన్ సేనాని అగ్రిప్పా కొక్కేన్ని యంత్రంతో దూరంగా ప్రయోగించాడు. ఐదు మూరల దుంగకి ఇనుప తొడుగు వేసి, ఒక కొసన కొక్కెం, ఇంకో కొసన తాళ్లు కట్టారు. ఆ ఇనుప తొడుగు ఎందుకంటే శత్రువు గొడ్డలితో నరకలేకుండా. తాళ్లు అందేంత దూరంలో ఉండవు, దుంగ తెగదు. నాకు ఈ పరికరాల చరిత్రలో అన్నిటికంటే తెలివైనదిగా అనిపించేది ఇదే.

ఇప్పుడు పెద్ద పనులకి ఎక్కడైనా వాడుతున్నారా?

సముద్రం అడుగున ఉన్న కేబుళ్ల మరమ్మతుకి. 1865 ఆగస్టులో గ్రేట్ ఈస్టర్న్ ఓడ అట్లాంటిక్‌లో టెలిగ్రాఫ్ తీగ వేస్తుండగా అది తెగి మునిగిపోయింది. మరుసటి ఏడాది అదే ఓడ కొత్త తీగ వేసి, తిరిగి వెళ్లి మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతు నుంచి పాత తీగని కొక్కెంతో పట్టి పైకి తీసి అతుకు వేసింది. ఇంటర్నెట్ కేబుళ్లు తెగినా ఈనాటికీ లోతైన చోట్ల ఓడలు గ్రాప్నెల్ ఈడ్చే పట్టుకుంటాయి. సైనిక ఇంజనీర్లు మందుపాతరల తీగల్ని దూరం నుంచి లాగి చూడ్డానికి చిన్న కొక్కేలు విసురుతారు. సముద్రంలో వదిలేసిన వలల్ని ఏరేవాళ్ల పనిముట్టు కూడా ఇదే.

పగడాల మీద, సముద్రపు గడ్డి మీద వేయొచ్చా?

వేయకండి. గ్రాప్నెల్ పగడంలో గట్టిగా పట్టుకుంటుంది, నిజమే, విరగ్గొట్టి పట్టుకుంటుంది. మధ్యధరా సముద్రంలోని పోసిడోనియా గడ్డి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది, లంగరు చేసిన ఒక్క గాటు పూడ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. స్పెయిన్‌లోని బలియారిక్ దీవుల్లో దాని మీద లంగరు వేయడమే నిషేధం. నీరు తేటగా ఉంటే కిందికి చూసి ఇసుక మచ్చ ఉన్న చోట దించండి. కట్టుకోవడానికి బోయలు (నీటి మీద తేలే బుంగలు) పెట్టి ఉంటే వాటికే కట్టుకోండి. చార్టులో కేబుల్, పైపులైన్ గుర్తులున్న చోట ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దు.

వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చా?

గ్రాప్నెల్ చేయించుకోవచ్చు, కష్టం కాదు. పైపు ముక్క కాడగా, నాలుగైదు మెత్తటి ఇనుప కడ్డీలు కొక్కేలుగా. కడ్డీలు మరీ లావు వద్దు. రాళ్లలో చేపలు పట్టేవాళ్లు కావాలనే వంగే కడ్డీలు పెట్టించుకుంటారు, ఇరుక్కుంటే పడవతో గట్టిగా లాగగానే కొక్కేలు తిన్నగా సాగి లంగరు బయటికి వచ్చేస్తుంది, తర్వాత వాటిని మళ్లీ వంచుకోవచ్చు. రెక్కల లంగరు మాత్రం చేయించొద్దు. రెక్క కోణం కొద్దిగా తేడా వచ్చినా దిగబడదు, అది చూపుతో పోల్చి చేసే పని కాదు.

తుప్పు, నిల్వ?

ఉప్పునీళ్లలో వాడాక మంచినీళ్లతో కడిగి, తాడుని నీడలో ఆరబెట్టి చుట్టండి. జింకు పూత పోయిన చోట తుప్పు పైపైన ఉంటే ఫర్వాలేదు, గొలుసు లింకు మందం కళ్లకి కనపడేంత తగ్గితే మార్చేయాలి. జింకు గొలుసుకి స్టెయిన్‌లెస్ షాకిల్ కలిపితే ఉప్పునీళ్లలో ఆ కలిసిన చోట జింకు త్వరగా తినేస్తుంది, రెండూ ఒకే రకం పెట్టుకోండి. తాడులో గొలుసుకి దగ్గరగా ఉన్న రెండు మీటర్లే ముందు పాడవుతుంది. ఏడాదికోసారి ఆ ముక్క కోసేసి కొత్తగా కట్టుకోండి, లేదా తాడుని కొస మార్చి తిరగేయండి.